అమ్మమ్మ గడియారం ఆట

మన ఇళ్ళల్లో పేక అన్న మాటకి ఉన్నంత చెడ్డపేరు ఇంకే ఆటకీ లేదు. పిల్లలు కేరమ్స్ ఆడితే "పోన్లే, ఆడుకుంటున్నారు" అంటాం. చదరంగం ముందు కూర్చుంటే "బుర్ర ఉన్న పిల్ల" అని మురిసిపోతాం. అదే చేతిలో పేకముక్కలు కనిపిస్తే "ఇదేం పొయ్యేకాలం" అంటాం. మగవాళ్ళు నలుగురు చేరి ఆడుకుంటే దానికి చతుర్ముఖ పారాయణం అని ఒక ముద్దుపేరు పెట్టి నవ్వుకుంటాం కూడా. ఆడవాళ్ళు ఆడితే ఆ ముద్దుపేరు దొరకదు. ఇక ఒక పెద్దావిడ, మధ్యాహ్నం పూట ఒక్కతే కూర్చుని, తనకి తనే ముక్కలు పరుచుకుని ఆడుకుంటోందంటే దాన్ని ఏమనాలో కూడా మనకి తెలీదు.

మా అమ్మమ్మ అలా ఆడేది. ఆవిడ ఆడిన ఆట మా ఇంట్లో ముప్పై ఏళ్ళపాటు పోయింది. ఎలా పోయిందో, ఎలా దొరికిందో చెప్తాను. కానీ చెప్పదలుచుకున్న అసలు మాట ముందే చెప్పేస్తాను: పందెం పెట్టి ఆడే పేకాట వేరు, పేకముక్కలు వేరు. మగవాళ్ళ జూదానికి కోపం వచ్చి మనం ఆడవాళ్ళ చేతుల్లోంచి లాగేసుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటిని తిరిగి ఇచ్చేస్తే బావుంటుందని నా అభిప్రాయం.

అమ్మమ్మ వాళ్ళు చాలా ఏళ్ళు బిట్రగుంటలో ఉన్నారు. నెల్లూరుకీ కావలికీ మధ్య వస్తుంది ఆ స్టేషన్. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ ఉంటే చూసేలోపే దాటిపోతుంది గానీ, బొగ్గింజన్ల రోజుల్లో అది పెద్ద రైల్వే ఊరు. ఇంజన్ షెడ్డు, వరసగా క్వార్టర్లు, అందులో చాలామంది ఆంగ్లో ఇండియన్లు. తాతయ్య గూడ్సు బళ్ళకి డ్రైవరు. గూడ్సు డ్రైవరు ఉద్యోగానికి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి రెండింటికి కాల్‌బాయ్ పుస్తకం పట్టుకొచ్చి తలుపు కొడితే సంతకం పెట్టి, అన్నం క్యారేజీ తీసుకుని బయల్దేరడమే. మళ్ళీ ఎప్పుడొస్తారంటే ఆయనకే తెలీదు. దారిలో ఎక్కడ ఎన్ని గంటలు ఆపేస్తారో ఎవరికి తెలుసు? ఇంట్లో ఫోను లేదు. వచ్చినప్పుడు వచ్చినట్టు.

పక్క క్వార్టర్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఉండేవారు. వాళ్ళాయనా డ్రైవరే. కాలనీలో అందరూ ఆవిడని దొరసానమ్మ అనేవారట. ఆవిడ నేర్పింది అమ్మమ్మకి ఈ ఆట. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. వేళ్ళు మడిచి అంకెలు చూపిస్తూ నేర్పారట. ఇంగ్లీషు వాళ్ళు ఒక్కరే ఆడే పేక ఆటలన్నిటినీ కలిపి పేషెన్స్ అంటారు. అమెరికాలో సాలిటేర్ అంటారు. అమ్మమ్మ నోట్లో అది "పేసెన్సు" అయింది. పిల్లలకి మాత్రం అది గడియారం ఆట, ఎందుకంటే ముక్కలు గడియారంలో అంకెల్లా గుండ్రంగా పరిచేది.

ఈ ఆటలు 18వ శతాబ్దం చివర్లో ఉత్తర ఐరోపాలో మొదలై, తర్వాత వందేళ్ళలో అన్ని దేశాలకీ పాకాయి. 1870ల్లో ఇంగ్లండులో లేడీ అడిలైడ్ కాడొగన్ అనే ఆవిడ వీటి మీద బొమ్మలతో సహా పుస్తకం వేసింది. అక్కడి గొప్పింటి ఆడవాళ్ళు కాలక్షేపానికి ఆడుకున్న ఆట, రైళ్ళతో పాటు మన దేశం వచ్చి, నెల్లూరు జిల్లాలో ఒక రైల్వే క్వార్టరు వెనక వసారాలో, భర్తల బళ్ళు ఎప్పుడొస్తాయో తెలీని ఇద్దరు ఇల్లాళ్ళ మధ్య చేతులు మారింది. పేషెన్స్ అంటే ఓర్పు కదా. ఓర్పు తప్ప ఇంకో దారి లేని వాళ్ళకే చేరింది.

నాకు గుర్తున్నది మాత్రం కావలి ఇల్లు. తాతయ్య రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఎండాకాలం సెలవలకి వెళ్ళేవాళ్ళం. భోజనాలయ్యాక వంటిల్లు కడిగేసి, అందరూ పడుకున్నాక అమ్మమ్మ హాల్లో చాప పరుచుకునేది. ఆ ముక్కలు అరిగిపోయి గుడ్డపేలికల్లా మెత్తగా ఉండేవి. కళావరు తొమ్మిది ఎప్పుడో పోతే, శుభలేఖ అట్ట అదే సైజుకి కత్తిరించి దాని మీద సిరాతో తొమ్మిది అని రాసుకుంది. వెనక నుంచి చూసినా అది ఏ ముక్కో తెలిసిపోయేది. "తెలిసిపోతోందిగా అమ్మమ్మా, ఇంక ఆటేముంది?" అంటే, "తెలిస్తే మాత్రం ఏం చేస్తావే?" అనేది. ఆ మాటకి అర్థం నాకు ఈమధ్యే తెలిసింది. దాని దగ్గరికి వస్తాను.

ఇక ఆట ఎలా పోయిందంటే.

మా పెదనాన్న, అంటే నాన్నగారి అన్నయ్య, మూడుముక్కలాటలో రెండెకరాల మాగాణి పోగొట్టారు. ఒక్కరోజులో పోలేదు. మొదట ధాన్యం డబ్బులు, తర్వాత పెద్దమ్మ గొలుసు, గాజులు, ఆఖరికి పొలం. మా పెద్దమ్మ మెళ్ళో పసుపుతాడు ఒక్కటే మిగిలిన రోజు అమ్మ చూసి వచ్చింది. వచ్చిన రోజే మా ఇంట్లో రూలు పెట్టింది: ఈ గడపలో పేకముక్క కనిపించడానికి వీల్లేదు. నాన్నగారు ఆడేవారు కాదు, అయినా సరే. అమ్మ భయం నాకు పూర్తిగా అర్థమవుతుంది. అలాంటిది కళ్ళారా చూసిన వాళ్ళెవరైనా అదే చేస్తారు.

తర్వాత తాతయ్య పోయారు. అమ్మమ్మ కావలి ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేసింది. ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున జేబురుమాల్లో కట్టిన పేక కట్ట దొరికింది. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా తీసుకెళ్ళి నీళ్ళు కాచే బాయిలర్లో వేసేసింది. అమ్మమ్మ కూడా ఒక్క మాట అనలేదు. కూతురి ఇంట్లో ఉంటున్న తల్లి ఏమంటుంది?

ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నాలు ఏం చేసేదో నాకు బాగా గుర్తు. చేటలో బియ్యం పోసుకుని ఏరేది. ఏరడం అయిపోతే, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. ఇంటికొచ్చిన వాళ్ళు "పెద్దావిడ ఒక్క క్షణం ఊరికే కూర్చోరు, ఎంత ఓపికో" అని మెచ్చుకునేవారు.

పెదనాన్న ఆట మాత్రం ఆగలేదు. ఊళ్ళో కాకపోతే పక్క ఊళ్ళో, మామిడితోటలో కాకపోతే లాడ్జి గదిలో. ఆయన ఆడినన్నాళ్ళూ ఆడారు. తప్పు చేసింది ఆయన, ముక్కలు పోయింది అమ్మమ్మవి. కొంచెం ఆలోచిస్తే మన ఇళ్ళల్లో చాలా కట్టుబాట్లు ఇలాగే ఉంటాయి. ఎవరిని ఆపాలో వాళ్ళని ఆపలేం. మన మాట వినేవాళ్ళు ఎవరైతే ఉన్నారో వాళ్ళని ఆపేసి, ఇంటిని కాపాడుకున్నాం అనుకుంటాం.

కిందటేడాది మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవలకి వస్తూ ఒక పేక కట్ట తెచ్చింది. వెళ్ళేటప్పుడు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. ఒకరోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ ముక్కలు తీసుకుని గుండ్రంగా పరిచాను. పన్నెండు అంకెలు, ఒక్కో చోట నాలుగేసి ముక్కలు. 48 అయ్యాయి. చేతిలో ఇంకా నాలుగున్నాయి. అవి ఎక్కడ పెట్టాలి?

సికింద్రాబాదులో పిన్నికి ఫోన్ చేశాను. "మధ్యలో పెట్టేది కదే, ముల్లు ఉండే చోట" అంది. బోర్లించిన ముక్క తీసి ఏం చేయాలి? "ఎన్నో అంకె అయితే ఆ గంట దగ్గర, అడుక్కి తోసేది. తోసి, పైనున్నది తీసేది." జాకీ పదకొండు, రాణి పన్నెండు, అది నాకు గుర్తుంది. మరి ఆట ఎప్పుడు అయిపోతుంది? పిన్నికి అది తెలీలేదు. "అన్ని గంటలూ నిండితే గెలిచినట్టు" అంది. ఓడిపోవడం ఎలాగో మాత్రం తనకి గుర్తు రాలేదు.

అడగడానికి మిగిలింది అమ్మ ఒక్కతే. ఏ నోటితో అడగాలి? చివరికి మామూలుగా రోజూ చేసే ఫోన్లోనే, వంకాయలు ఎంతకి తెచ్చావు అన్న మాటల మధ్యలో అడిగేశాను. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత అంది: "నాలుగో రాజొస్తే ఆట కట్టు." ఇంకాసేపు ఆగి, "రాజుల్ని నేనే లెక్కపెట్టేదాన్ని. అమ్మ పక్కన కూర్చుని, మొదటి రాజు, రెండో రాజు అని. నాన్న బండి రాని రోజుల్లో" అంది.

ఆట మొత్తం తెలిసిన ఆవిడ మా ఇంట్లోనే ఉంది, ఇన్నేళ్ళూ.

మీకూ ఆడాలని ఉంటే ఇదిగో, ఆట ఇంతే. జోకర్లు తీసేసి 52 ముక్కలూ బాగా కలపండి. గడియారంలో పన్నెండు గంటల దగ్గరా నాలుగేసి ముక్కలు, మధ్యలో నాలుగు ముక్కలు, అన్నీ బోర్లా పెట్టండి. ఆసు ఒంటిగంట, రెండు రెండు గంటలు, అలా పది వరకూ. జాకీ పదకొండు, రాణి పన్నెండు. రాజుది మధ్య చోటు. మధ్య దొంతరలో పై ముక్క తిప్పండి. అది ఏడు అనుకోండి, ఏడు గంటల దొంతర అడుగున దాన్ని తెరిచి పెట్టి, ఆ దొంతరలో పై ముక్క తీయండి. అది ఎక్కడికి పంపిస్తే అక్కడికి వెళ్ళండి. రాజు వస్తే మధ్యకి వెళ్ళి అక్కడి పై ముక్క తీయండి. నాలుగో రాజు వచ్చేసరికి మధ్యలో ఇంక తీయడానికి ముక్క ఉండదు, ఆట ఆగిపోతుంది. అప్పటికి మిగతా ముక్కలన్నీ తెరుచుకుని ఉంటే గెలిచినట్టు. ఒక్కటైనా బోర్లా మిగిలితే ఓడినట్టు.

గెలవడం ఎంత కష్టమో లెక్కగట్టడం తేలికే. గెలవాలంటే అన్నిటికన్నా ఆఖరున తిప్పే ముక్క, అంటే 52వది, రాజు అయి ఉండాలి. 52 ముక్కల్లో రాజులు నలుగురు. అంటే 13 ఆటలకి సగటున ఒక్క గెలుపు. రోజుకో ఆట చొప్పున ఏడాది ఆడితే సుమారు 28 సార్లు గెలుస్తాం, 337 సార్లు ఓడిపోతాం. మీరు ఎంత తెలివిగా ఆడినా ఈ లెక్క మారదు. ఎందుకంటే ఈ ఆటలో తెలివి వాడే చోటే లేదు. ముక్కలు కలిపిన క్షణంలోనే ఫలితం తేలిపోయింది. మనం చేసేదల్లా ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవడమే. శుభలేఖ అట్ట తొమ్మిది ఎక్కడుందో ముందే తెలిసినా ఉపయోగం లేదు. "తెలిస్తే మాత్రం ఏం చేస్తావే" అని అమ్మమ్మ అన్నది అదే.

మా ఇంట్లో ఆయన ఒక పది నిమిషాలు చూసి, "ఇందులో నువ్వు చేసేదేముంది? కంప్యూటర్‌కి చెప్తే సెకనులో ఆడి పడేస్తుంది" అన్నారు. ఆడి పడేస్తుంది, నిజమే. కానీ పడేయడం కోసం కాదు కదా నేను కూర్చున్నది.

నాకు ఈ ఆటలో నచ్చింది, ఆయనకి లోపంగా కనిపించిన ఆ ఒక్కటే. ఇందులో నేను ఏదీ నిర్ణయించక్కర్లేదు. ఇల్లు నడిపే ఆడవాళ్ళకి అదెంత హాయో చెప్పక్కర్లేదు. పొద్దున్న కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి మన బుర్రలో నడిచేది ఏమిటి? టిఫిన్ ఉప్మానా, దోసెలా? పిండి సరిపోతుందా? కూరలో కారం తగ్గిస్తే ఆయన తినరు, పెంచితే అత్తయ్యగారు తినలేరు. పనమ్మాయి రేపు రానంటోంది, గిన్నెలు ఇప్పుడే తోమేసుకోవాలా? పెళ్ళికి పట్టుచీర పెట్టాలా, మామూలుది చాలా? చిన్న చిన్నవే, కానీ ప్రతి దానికీ వెనక ఒక తీర్పు ఉంటుంది. ఉప్పు సరిపోకపోతే మన వంక చూస్తారు. పిల్లకి మార్కులు తగ్గినా మన వంకే చూస్తారు. నిర్ణయం ఎవరిదైతే నింద వాళ్ళది. ఇంట్లో చిల్లర నిర్ణయాలన్నీ మనవే కాబట్టి నిందలూ మన ఖాతాలోనే పడతాయి.

ఈ ఆటలో పదమూడింట పన్నెండుసార్లు ఓడిపోతాను. అందులో ఒక్కటి కూడా నా తప్పు కాదు. "అప్పుడు అలా చేసి ఉంటే" అని బాధపడేందుకు ఏమీ ఉండదు. ముక్కలు దగ్గరికి లాక్కుని మళ్ళీ కలపడమే. రోజు మొత్తం మీద నా వల్ల చెడిపోయే వీలు లేని పని ఇదొక్కటే. ఇరవై నిమిషాలు అలా గడిచాక సాయంత్రం పనికి లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. బండి ఎప్పుడొస్తుందన్నది అమ్మమ్మ చేతిలో లేదు, ఏ ముక్క వస్తుందన్నదీ లేదు. మొదటిది భయపెట్టేది. రెండోది భయపెట్టదు. అందుకే ఆవిడ ఆ ఆట పట్టుకుందని నేననుకుంటాను.

శకునం కోసం ఆడేదా అని కొందరికి అనుమానం రావచ్చు. ఆట వస్తే బండి క్షేమంగా వస్తుంది, రాకపోతే రాదు, అలాగ. నాకూ వచ్చి పిన్నిని అడిగాను. పిన్ని చిన్నప్పుడు అదే అడిగిందట. "ముక్కలకేం తెలుసే బండి సంగతి" అందట అమ్మమ్మ. పదమూడింట పన్నెండుసార్లు ఓడిపోయే ఆటని శకునంగా పెట్టుకుంటే ఎవరి గుండె నిలుస్తుంది?

"అంతా అదృష్టమే అయితే అది జూదమే కదా" అని మా ఆడపడుచు అంది. మంచి ప్రశ్నే. చట్టం కూడా ఇలాగే ఆలోచిస్తుంది, నైపుణ్యమా, అదృష్టమా అని. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, అందులో ప్రధానమైనది నైపుణ్యమే అని చెప్పింది. ఆ నైపుణ్యం పేరు చెప్పుకునే తర్వాత ఫోన్లలో రమ్మీ డబ్బులు పెట్టి ఆడించారు. అది ఎంత దూరం పోయిందంటే, డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాల్సి వచ్చింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యం ఉన్న ఆట కొంపలు ముంచింది. నైపుణ్యం అన్నదే లేని అమ్మమ్మ ఆట ఎవరికీ పైసా నష్టం చేయలేదు. కాబట్టి ఇంట్లో మనం అడగాల్సిన ప్రశ్న వేరు: డబ్బు ఉందా, లేదా? అవతల ఇంకొకరి జేబు ఉందా, లేదా?

ఇంకో మాట. శివరాత్రి జాగారానికి మనం వైకుంఠపాళి ఆడతాం. అందులోనూ గవ్వ ఎలా పడితే అలా వెళ్ళడమే. నిచ్చెన వస్తే ఎక్కుతాం, పాము మింగితే దిగుతాం. పూర్తిగా అదృష్టమే, అయినా దాన్ని పుణ్యం అంటాం. పేకముక్కలు మన సంప్రదాయం కాదు అనడానికీ లేదు. నిర్మల్ కళాకారులు చేతితో రంగులు వేసిన గుండ్రటి గంజీఫా ముక్కలు ఎంత అందంగా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. అట్టముక్కకి పాపం అంటదు. పందేనికి అంటుతుంది.

"ఒంటరిగా కాలక్షేపమే కావాలంటే ఫోను ఉందిగా" అంటారు మా అమ్మాయి వయసు వాళ్ళు. సాలిటేర్ కంప్యూటర్లోకి వచ్చి చాలా కాలమైంది. 1990లో విండోస్ 3.0తో పాటు ఇచ్చారు. కొత్తగా మౌస్ పట్టుకున్నవాళ్ళకి ముక్కల్ని లాగి పెట్టడం ద్వారా చెయ్యి అలవాటు కావడానికి బాగా పనికొచ్చింది. ఆఫీసుల్లో కోట్లమంది ఆడారు. 2019లో అమెరికాలోని వీడియో గేముల హాల్ ఆఫ్ ఫేమ్‌లో దానికి చోటు కూడా ఇచ్చారు. నేనూ ఆడాను, బావుంటుంది. కానీ తేడా ఉంది. ఫోన్లో ఓడిపోగానే ఇంకో ఆట రెడీగా ఉంటుంది. మధ్యలో ప్రకటన, వరసగా ఇన్ని రోజులు ఆడితే ఇన్ని నాణేలు, నిన్న ఆడలేదేమని ఒక మెసేజీ. ఆడుకుందామని కూర్చుంటే అక్కడా ఎవరో మన హాజరు వేస్తూ ఉంటారు. అసలు ముక్కలైతే ఓడిపోయాక 52 ముక్కలూ ఏరుకోవాలి, సర్దాలి, కలపాలి. ఆ నిమిషంలో "ఇంకోటి వేద్దామా, లేద్దామా" అని మనల్ని మనం అడుగుతాం. లేవడం కూడా మన చేతిలోనే ఉంటుంది.

ఇలాంటివి రాసేటప్పుడు చివర్లో "జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మెదడుకి మంచిది" అని ఒక ముక్క కలపడం అలవాటు. నేను కలపను. పేషెన్స్ వల్ల ఉపయోగం జరిగిన కథ కావాలంటే ఒకటుంది. 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణిత శాస్త్రవేత్త జబ్బుపడి కోలుకుంటూ పేషెన్స్ ఆడుతూ, ఈ ఆట గెలిచే అవకాశం ఎంత ఉంటుందని లెక్కవేయబోయాడు. లెక్క తెమలక, వందసార్లు ఆడి ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటే పోలా అనుకున్నాడు. ఆ ఆలోచనే పెరిగి మాంటె కార్లో పద్ధతి అయింది. ఇవాళ శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద లెక్కలకి దాన్ని వాడతారు. గొప్ప సంగతే. కానీ మగవాడు జబ్బుపడి పేక పరుచుకుంటే దాంట్లోంచి శాస్త్రం పుట్టింది కాబట్టి మన ఆటకి మర్యాద వస్తుందంటే నేనొప్పుకోను. ఆడవాళ్ళు చేసే ప్రతి పనికీ ఉపయోగం చూపించాల్సిందేనా? అల్లికలైతే ఇంటికి అందం, ముగ్గైతే లక్ష్మీకళ, పాట అయితే దేవుడి కోసం. ఎవరికీ పనికిరాని ఇరవై నిమిషాలు ఒక మనిషికి ఉండకూడదా? అమ్మమ్మకి ఆ ఇరవై నిమిషాలు లేకపోయాకే ఏరిన బియ్యం మళ్ళీ ఏరింది. అది చూసి మనం ఓపిక అని పేరు పెట్టాం.

ఈమధ్య అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక కొత్త కట్ట తీసుకెళ్ళి టీవీ స్టాండు మీద పెట్టి వచ్చాను. ఆడమని చెప్పలేదు. బాయిలర్ సంగతి ఎత్తలేదు. రెండు వారాల తర్వాత వెళ్తే కట్ట అక్కడే ఉంది, పైన సీలు మాత్రం తీసి ఉంది. నేనేమీ అడగలేదు. గెలిచిందో ఓడిందో ఆవిడ సొంత విషయం.

మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆవిడ ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? పేకే అక్కర్లేదు. గవ్వలు కావచ్చు, పాత రేడియో కావచ్చు, ఎవరో "ఇదేం పని ఈ వయసులో" అన్నాక మానేసింది ఇంకేదైనా కావచ్చు. ఈసారి దగ్గర కూర్చున్నప్పుడు అడగండి. ఒకవేళ పేక కట్ట కొనిస్తే మాత్రం, ఎలా ఆడాలో మీరు నేర్పడం మొదలుపెట్టకండి. ఆవిడకి ముందే వచ్చేమో.